సీడు పోస్తే కొర్రమీను రాదు

భిలాయిలో గాలం పట్టే తెలుగువాళ్ళ దగ్గర చేపల మాటెత్తితే ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. గాలంతో పడేవి ఎన్ని చేపలని? చెరువుల్ని ఖాళీ చేసేది వలలు, మందులు. అయినా తగ్గితే తగ్గనీ, ఏటా కొత్త పిల్లల్ని వదులుతూనే ఉన్నారు కదా! ఇంత సైజే పట్టాలి, ఈ నెలల్లో పట్టకూడదు, పట్టినదాన్ని వదిలెయ్యాలి అనే నియమాలు మనలాంటివాళ్ళకెందుకు? ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వలస వచ్చి స్థిరపడిన కుటుంబాలకు శివనాథ్ నది ఒడ్డూ, చుట్టుపక్కల ఊరి చెరువుల గట్లూ కొత్త కావు. చేపను ఎరిగినవాళ్ళే ఈ మాట అంటారు కాబట్టి అది నిజమేననిపిస్తుంది. కానీ వాళ్ళందరూ ఆశపడే కొర్రమీను విషయంలో ఇది పూర్తిగా తప్పు.

పిల్లల్ని వదిలితే చాలన్న నమ్మకం ఊరికే పుట్టలేదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద నది కావాలి. అందుకే ఒకప్పుడు వాటి పిల్లల్ని నదుల్లోనే ఏరి తెచ్చేవారు. 1957 జూలై 10న ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి, ఈ జాతి చేపల చేత చెరువు నీటిలోనే గుడ్లు పెట్టించారు. కొల్లేటి చుట్టూ లేచిన చేపల చెరువుల సామ్రాజ్యమంతా ఆ సూది మీద నిలబడిందే. నేటికీ జూలై 10ని దేశమంతటా చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. ఆ ఘనతను ఎవరూ కాదనరు. అయితే అది బొచ్చె, శీలావతుల కథ.

కొర్రమీను కథ వేరు. దానికి హేచరీ అక్కర్లేదు, వరద నదీ అక్కర్లేదు. వానలు పడగానే గట్టు పక్కన నాచూ తుంగా ఉన్న లోతు తక్కువ నీటిలో జంటగా చోటు చేసుకుంటుంది. గుడ్లు పైకి తేలతాయి. పిల్లలు ఎర్రటి గుంపుగా నీటి మీద కదులుతుంటే తల్లిదండ్రులు కింద కాపలా తిరుగుతాయి. తన సంతానాన్ని తానే సాకుకునే చేప ఇది. దానికి కావలసిందల్లా ఆ కొద్ది వారాలు ఎవరూ జోలికి రాకపోవడం.

సీడు, అంటే హేచరీ చేపపిల్లల్ని, పోసే పద్ధతి చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. చెరువులో బొచ్చె పిల్లల్ని వదిలే ముందు వాటిని తినేసే చేపల్ని నిర్మూలించాలన్నది చేపల పెంపకంలో మొదటి పాఠం. ఆ జాబితాలో ముందుండేది కొర్రమీనే. మీటరు లోతు నీరుంటే హెక్టారుకు 2,500 కిలోల ఇప్పచెక్క వెయ్యమంటారు. అందులోని సాపోనిన్ అనే పదార్థం మొప్పల గుండా రక్తంలోకి చేరి ఎర్ర కణాలను చిదిపేస్తుంది. ఇప్పకు కొదవ లేని ఛత్తీస్‌గఢ్‌లో ఈ మందు దొరకడం కష్టమేమీ కాదు. అంటే, సీడు పడిన చెరువులో కొర్రమీను పెరగడం మాట అటుంచి, ఉన్నది కూడా పోతుంది. తెలంగాణ 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. దాదాపు అదే సమయంలో మొదలైన ఉచిత చేపపిల్లల పంపిణీలో చెరువుల్లో వదిలినవి ప్రధానంగా బొచ్చె, శీలావతి జాతులే. గౌరవం ఒకదానికి, చోటు మరొకదానికి దక్కాయి.

ఇక గాలం నిర్దోషి అన్న మాట చూద్దాం. నీటి మీద ఎర్రటి గుంపు కనబడగానే దాని పక్కకు కప్పనో, రబ్బరు కప్పనో విసరడం చాలామందికి తెలిసిన కిటుకు. ఆ దెబ్బకు కొర్రమీను తరచూ పడుతుంది. అది ఆకలితో కాటు వెయ్యదు, పిల్లల దగ్గరికి వచ్చినదాన్ని తరమడానికి మీద పడుతుంది. కాపలా చేప సంచిలోకి చేరితే ఆ పిల్లల గుంపు మిగతా చేపలకూ పక్షులకూ మేత. కాబట్టి అప్పుడు పోయేది ఒక్క చేప కాదు, ఒక ఏడాది పంట. రోజుకు ఒక్కటే పడుతున్నామని చెప్పుకునేవారు ఆ ఒక్కటి ఏ స్థితిలో పడిందో కూడా చెప్పాలి. వేసవిలో మరో ప్రమాదం. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి మాటిమాటికీ పైకి వస్తుంది. నీరు తగ్గిన మడుగులో అది తన ఉనికిని తానే బయటపెట్టుకుంటుంది, ఓపిక ఉన్నవాడు ఒక్కటి మిగలకుండా పట్టెయ్యగలడు.

చట్టం ఉంది కదా అనేవారికి ఆ చట్టం ఎక్కడ ఆగిపోతుందో తెలియాలి. 1972 నాటి నదీ మత్స్య నియమాల ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో ఏటా జూన్ 16 నుంచి ఆగస్టు 15 దాకా నదులు, వాగులు, జలాశయాల్లో అన్ని రకాల చేపల వేటా నిషేధం. ఉల్లంఘిస్తే ఏడాది జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మినహాయింపు నదితోనూ వాగుతోనూ సంబంధం లేని చిన్న చెరువులకు, జలాశయాల్లోని పంజరాల (కేజ్) పెంపకానికి. బొచ్చె జాతుల్ని దృష్టిలో పెట్టుకుంటే ఇది సబబే, అవి ఆ చెరువుల్లో ఎలాగూ గుడ్లు పెట్టవు. కానీ ఆ చిన్న చెరువే కొర్రమీను పురిటిల్లు. దానికి రక్షణ అత్యవసరమైన రెండు నెలల్లో, అత్యవసరమైన చోట, చట్టం పక్కకు తప్పుకుంటోంది.

కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. 1897 నాటి భారత మత్స్య చట్టం మందుగుండునూ విషాన్నీ నిషేధించడంతో ఆగలేదు. ఎంచుకున్న నీటిలో రెండేళ్ళ దాకా వేటను పూర్తిగా ఆపే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇచ్చింది.

కొర్రమీనులాగే మాటువేసి వేటాడే మస్కీ అనే పెద్ద చేప అమెరికా సరస్సుల్లో ఉంది. అక్కడ సీడు కొరత లేదు, హేచరీల్లో పెంచి వదులుతూనే ఉన్నారు. అయినా మినసోటా రాష్ట్రం 2015 నుంచి 54 అంగుళాల లోపు మస్కీని ఇంటికి తీసుకెళ్ళనివ్వడం లేదు. వదిలిన పిల్ల తల్లి కావడానికి ఏళ్ళు పడుతుందని వాళ్ళకు తెలుసు. ఇంకా ముఖ్యమైన సంగతి, పట్టి వదిలే అలవాటును ఊరూరా పాకించినవాళ్ళలో గాలం వేటగాళ్ళే ముందున్నారు. 1966లో అక్కడే పుట్టిన మస్కీస్ ఇంక్ అనే సంఘం వాళ్ళదే. అదంతా డబ్బున్న దేశపు సరదా అని కొట్టిపారెయ్యడం తేలికే. పిల్లల గుంపు మీద గాలం వెయ్యకుండా ఉండటానికి రూపాయి ఖర్చు కాదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం గౌరవించాలి. చెరువును కౌలుకు తీసుకుని సీడు కొన్న మత్స్యకార సంఘానికి కొర్రమీను నష్టమే. అప్పు చేసి వదిలిన పిల్లల్ని అది మింగుతుంటే ఊరుకోమనడం అన్యాయం. పెంపకపు చెరువు వాళ్ళదే, అక్కడ వాళ్ళ లెక్కే చెల్లాలి. అయితే సీడు పడని కుంటలు, కాలువలు, తుంగ పెరిగిన గుంటలు, శివనాథ్ మడుగులు ఎవరి పెట్టుబడికీ చెందవు. అక్కడ కొర్రమీనును మిగల్చడానికి కౌలుదారు నోటి ముద్ద తీయనక్కర్లేదు.

అందుకే గాలం పట్టేవాళ్ళు ముందుగా తమ మీదే కొన్ని షరతులు పెట్టుకోవాలి. పిల్లల గుంపు కనబడితే గాలం చుట్టెయ్యాలి. అడుగు లోపు చేపను వదలాలి, బాగా పెద్దదాన్నీ వదలాలి, ఎక్కువ గుడ్లు పెట్టేది అదే కాబట్టి. రాత్రంతా కప్పను గుచ్చి గట్టు పొడవునా వదిలేసే గాలాలు మానాలి. బ్యాటరీతో నీటిలో కరెంటు పెట్టేవాళ్ళను చూసి తల తిప్పుకోకుండా పోలీసులకు చెప్పాలి. గాలి పీల్చే చేప గనుక, వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలంతో పట్టి, తడి చేత్తో పట్టుకుని వదిలితే కొర్రమీను బతికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత పంచాయతీల దగ్గరికి వెళ్ళి, సీడు పడని కుంటల్లో జూన్ నుంచి ఆగస్టు దాకా గాలం సహా వేట ఆపమని గ్రామసభలో తీర్మానం అడగాలి. అలా అడిగే హక్కు నియమాలు మనకెందుకు అనేవాళ్ళకు ఉండదు.