నూరేళ్ళు బతకమన్నది మనమే కదా!

పెళ్ళిపీటల మీద అక్షింతలు వేస్తూ నిండు నూరేళ్ళు బతకమని దీవిస్తాం. పసివాడు తుమ్మితే చిరంజీవ అంటాం. కాళ్ళకు దణ్ణం పెట్టిన ప్రతివాణ్నీ ఆయురారోగ్యాలతో వర్ధిల్లమంటాం. ఆ దీవెన ఫలించి ఎనభై ఏళ్ళు బతికిన మనిషి మన ఇంట్లోనే ఉంటే మాత్రం ఆయన దగ్గు మనకు నిద్రాభంగం. ఆవిడ అడిగిందే మళ్ళీ అడిగితే మనకు విసుగు. మంచం ఎక్కడ వేయాలన్నది సమస్య, మందుల ఖర్చు ఎవరు పెట్టాలన్నది తగాదా. ఆయుష్షు కోరింది మనమే. వచ్చిన ఆయుష్షును చూసి మొహం చిట్లించేదీ మనమే. ఈ అన్యాయం చూస్తూ మంచిమాటలతో సరిపెట్టుకోవడం నా వల్ల కాదు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళు. పసిబిడ్డల చావులే ఆ లెక్కను అంత కిందికి లాగాయన్నది నిజం. కానీ ఆ గండం గడిచినవాళ్ళకూ కలరా, మశూచి, క్షయ, పురిటి చావులు కాచుక్కూచునేవి. అరవై ఏళ్ళు దాటడమంటే అన్ని గండాలూ గట్టెక్కడమే. అందుకే షష్టిపూర్తి పండుగ అయింది. డెబ్భై నిండితే భీమరథ శాంతి, వెయ్యి పున్నములు చూస్తే సహస్ర చంద్ర దర్శనం చేశారు. ఇవాళ ఆ సగటు 70కి చేరింది. టీకాలు, మందులు, ఆసుపత్రి కాన్పులు, కడుపుకి ఇంత తిండి కలిసి సాధించిన విజయం ఇది. 2011 జనగణన నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్ల పైచిలుకు. ఒకప్పుడు ఏ పుణ్యాత్ముడికో దక్కే దీర్ఘాయుష్షు కూలివాడికీ, చాకలికీ, చేనేత కార్మికుడికీ అందింది. చరిత్రలో ఇంత గొప్ప మార్పు జరిగితే దాన్ని పండుగ చేసుకోవలసినవాళ్ళం బరువుగా లెక్కగట్టడం నేర్చుకున్నాం.

వెనకటి కాలమంతా బంగారమని నేననను. తాతల కాలంలో ముసలితనానికి గౌరవం ఉండేదని చెప్పేవాళ్ళు, ఆ గౌరవం ఎవరికి దక్కిందో చెప్పరు. భూమి పట్టా పేరున ఉన్న ముసలి మగవాడికి దక్కింది. ఆ గౌరవం ముదిరి, డబ్బున్న ముసలివాడు పసిపిల్లను కొనుక్కుని పెళ్ళాడే దాకా పోయింది. గురజాడ కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లును కల్పించింది ఊహల్లోంచి కాదు, కళ్ళెదుట ఉన్న సమాజంలోంచి. అదే ఇంట్లో అదే వయసు విధవరాలికి దక్కింది గుండు, ముతక పంచె, వంటింటి మూల. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎంత పోరాడవలసి వచ్చిందో తెలిసిందే. ఇక కూలీనాలీ చేసుకునేవాళ్ళకు ముసలితనంలో విశ్రాంతి అన్నది అప్పుడూ లేదు. నడుము వంగేదాకా నాట్లు వేశారు, చూపు ఆనినంతకాలం మగ్గం నేశారు, చెయ్యి లేవని నాడు పస్తున్నారు. కాబట్టి పాత రోజులు తిరిగి రావాలని నేను ఏడవడం లేదు. అప్పుడు కొందరికైనా దక్కిన మర్యాదను అందరికీ పంచవలసింది పోయి, అందరి దగ్గరా లాగేసుకున్నామన్నదే నా ఆక్రోశం.

ఆ మర్యాద పోవడానికి కారణం మనుషులు ఉన్నట్టుండి చెడిపోవడం కాదు. ఒకప్పుడు ఏ మబ్బు కురుస్తుందో, ఏ నేలలో ఏ విత్తనం వేయాలో, ఏ పొలం గట్టు ఎక్కడుందో, ఏ బిడ్డ కడుపునొప్పికి ఏ ఆకు నూరాలో పెద్దవాళ్ళకే తెలుసు. ఆ తెలివి అవసరం కాబట్టి ఆ మనిషీ అవసరమయ్యాడు. ఇవాళ వాన సంగతి ఫోన్ చెబుతుంది, గట్టు సంగతి రికార్డు చెబుతుంది. బ్యాంకులో దాచుకున్న తన సొమ్ము తాను తీసుకోవడానికి తాత మనవడికి ఓటీపీ చూపించాలి. ఇల్లంతా ఆయన మాట మీద నడిచిన రోజు పోయి, ఆయన ప్రతి పనికీ ఒకరిని బతిమాలుకోవలసిన రోజు వచ్చింది. ఇందులో ఆయన తప్పేముంది? లోకం వేగంగా కదిలింది. వెనకబడినవాడికి చెయ్యి అందించవలసింది ముందున్నవాళ్ళే. మనం చెయ్యి ఇవ్వలేదు సరికదా, ఈ వయసులో నీకెందుకు, కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చో అన్నాం.

అసలు ముసలితనం ఏ ఏట మొదలవుతుంది? ఒంటిని అడిగి ఈ లెక్క ఎవరూ రాయలేదు, ఎవరి వీలును బట్టి వాళ్ళు రాశారు. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గించారు. వేలమంది ఒక్క ఉత్తర్వుతో ఇంటిదారి పట్టారు. గొడవలయ్యాయి, కోర్టులకెక్కారు, మళ్ళీ 58 చేశారు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60 అయింది. తెలంగాణలో 2021లో 61, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62. నలభై ఏళ్ళలో మనిషి ఎముకలు మారలేదు, ఖజానా లెక్కలు మారాయి. మరోవైపు ప్రైవేటు కొలువుల్లో నలభై అయిదు దాటినవాడిని అప్పుడే పాతబడినవాడిగా చూస్తున్నారు. టీవీ పెడితే తెల్లవెంట్రుక కనిపించడమే పరువుతక్కువ అన్నట్టు రంగుల ప్రకటనలు. వయసు మీదపడటం ఒక జబ్బు అనీ, దాన్ని దాచుకోవాలనీ ముప్ఫై ఏళ్ళ వాళ్ళకు నూరిపోస్తున్నాం. తన నెరిసిన తలను చూసి తానే సిగ్గుపడేటట్టు పెరిగిన తరం, నెరిసిన తల్లిని ఏ కళ్ళతో చూస్తుంది?

ఇళ్ళలోకి వెళ్ళి చూడండి. నలుగురు కొడుకులుంటే నెలకొకరి దగ్గర వంతు. నెల ముప్ఫై ఒకటి అయితే ఆ ఒక్క రోజు ఎవరిది అన్నదాని మీద కూడా పంచాయితీలు జరుగుతాయి. ఇంకా ఘోరం, తల్లి పెద్దవాడి వంతు, తండ్రి చిన్నవాడి వంతు. యాభై ఏళ్ళు ఒకే కంచం, ఒకే కష్టం పంచుకున్న ఇద్దరిని ఆస్తి పంపకంలో వస్తువుల్లా విడగొట్టి రెండు ఊళ్ళలో పడేస్తాం. పక్క ఇంటివాళ్ళు చూస్తారు, ఊరి పెద్దలు దగ్గరుండి ఆ పంపకం చేస్తారు. ఒక్కరికీ తప్పనిపించదు!

మతిమరుపు వచ్చిన మనిషిని చాదస్తమని కసురుతాం. మెదడు కణాలు దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు అదని ఇవాళ వైద్యానికి తెలుసు. అన్నం తిన్న సంగతి మరిచి మళ్ళీ అడిగే తల్లి మనల్ని విసిగించడానికి అడగడం లేదు. మోకాళ్ళ నొప్పి, వినికిడి లోపం, దిగులు, ఏది చెప్పుకున్నా వయసైపోయింది కదా, మామూలే అని పంపేసే వైద్యులూ ఉన్నారు. నొప్పి ఇరవై ఏళ్ళప్పుడు ఎంత నొప్పో ఎనభై ఏళ్ళప్పుడూ అంతే నొప్పి. వయసు చెప్పి వైద్యం ఎగ్గొట్టే హక్కు ఎవరిచ్చారు?

కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల ఊళ్ళలో రెండంతస్తుల ఇళ్ళు కనిపిస్తాయి. లోపల ఇద్దరు ముసలివాళ్ళు, లేదా ఒక్కరే. పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో. పొలం అమ్మి చదివించింది ఈ తల్లిదండ్రులే. బిడ్డలు దూరం పోవడం నేరం కాదు, కానీ మనం అలవాటు చేసుకున్న పద్ధతి మాత్రం నేరమే. పురుడు పోయడానికి అమ్మ కావాలి, పసివాణ్ని చూసుకోవడానికి ఆర్నెల్లు ఈ వియ్యపురాలు, ఆర్నెల్లు ఆ వియ్యపురాలు రావాలి. పసివాడు బడికి వెళ్ళే వయసు రాగానే ఆ అమ్మ అవసరం తీరిపోతుంది. తర్వాత ఆవిడకు మిగిలేది వారానికో వీడియో కాల్, నెలకింత డబ్బు. పోయాక కొడుకు విమానం దిగేదాకా ఫ్రీజర్ బాక్సులో ఆ శరీరం. బతికున్నప్పుడు సెలవు దొరకని కొడుక్కి, చచ్చాక దొరుకుతుంది. ఇది ఎవరో ఒకరి కథ కాదు, ఊళ్ళకు ఊళ్ళు చూస్తున్నదే.

ఇక చట్టం సంగతి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆర్డీఓ అధ్యక్షతన ట్రైబ్యునల్ ఉంటుంది. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద అర్జీ చాలు. పిల్లలకు నోటీసు అందాక 90 రోజుల్లో తేల్చాలి. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ రాతను రద్దు చేయించే దారి 23వ సెక్షన్‌లో ఉంది. వదిలేసినవాళ్ళకు మూడు నెలల దాకా జైలుశిక్ష ఉంది. ఇవి ఎంతమంది పెద్దలకు తెలుసు? గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు చూసుకోవాలన్న షరతు కాగితం మీదకు ఎక్కించమని చెప్పే దస్తావేజు లేఖరులు ఎంతమంది? ఆ ఒక్క వాక్యం లేక కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళున్నారు. భరణం నెలకు 10,000 రూపాయలు మించరాదన్న గీత 2007లో గీశారు. దాన్ని తీసేయడానికి 2019లో పార్లమెంటులో బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి చోటుతో, ప్రభుత్వాలు పెట్టవచ్చని అదే చట్టం రాసింది. మీ జిల్లాలో అది ఎక్కడుందో కలెక్టరాఫీసులో అడిగి చూడండి.

ప్రభుత్వాల పాపం ఇంతటితో అయిపోలేదు. పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చే పెన్షన్ 2006లో నెలకు 200 రూపాయలు చేశారు. ఎనభై దాటినవారికి 2011 నుంచి 500. మిగిలినవారికి నేటికీ అదే 200! రాష్ట్రాలు తమ వంతు కలపబట్టి, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4000 చేయబట్టి ముసలివాళ్ళ నోట్లోకి నాలుగు మెతుకులు వెళుతున్నాయి. ఇన్నేళ్ళలో బియ్యం, నూనె, మాత్రల ధరలు ఎంత పెరిగాయో ఢిల్లీకి తెలియదా? జీతంలోంచి నెలనెలా పీఎఫ్ కోయించుకున్న కార్మికుడికి ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్-95) కింద కనీస పెన్షన్ 2014 నుంచి 1000 రూపాయల దగ్గరే ఆగింది. రైల్లో అరవై దాటిన మగవారికి 40 శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవారికి 50 శాతం రాయితీ ఉండేది. కరోనా పేరు చెప్పి 2020 మార్చిలో ఆపేశారు. కరోనా పోయింది, రైళ్ళు నిండుగా తిరుగుతున్నాయి, ఆ రాయితీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. కాశీకో, కూతురింటికో వెళ్ళే ముసలమ్మ దగ్గర మిగుల్చుకున్న ఆ డబ్బుతో ఈ దేశం కట్టుకున్న మేడలేమిటి?

జీవితమంతా కలుపు తీసి, పొగాకు దండలు గుచ్చి, ఇటుకలు మోసిన చేతులకు వేలిముద్రలు అరిగిపోతాయి. రేషన్ మిషన్ ఆ వేలిని గుర్తుపట్టదు. చాకిరీ చేసినందుకే ఆ మనిషి బియ్యం ఆగిపోతాయి. 2024 ఏప్రిల్, మే నెలల్లో ఎన్నికల వేళ ఇంటికి రావలసిన పెన్షన్ ఆగిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో లేవలేనివాళ్ళు మంచాల మీద, కుర్చీల మీద మోయించుకుని ఎండలో సచివాలయాలకూ బ్యాంకులకూ వెళ్ళారు. ఆ దృశ్యాలు చూసి అన్ని పార్టీలూ ఎదుటివాడిదే తప్పన్నాయి. తప్పు నాది, క్షమించండి అన్న నోరు ఒక్కటి వినపడలేదు.

ఇప్పుడు కొత్త పాట మొదలైంది. జననాల రేటు పడిపోయింది, వృద్ధుల సంఖ్య పెరిగిపోతోంది, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని పాలకులే అంటున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన మూడు దశాబ్దాల పాటు ఉండి, 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పోయింది. చిన్న కుటుంబం చింతలేని కుటుంబం అన్న ప్రభుత్వం మాట విని ఇద్దరితో ఆగిన తరమే ఇవాళ ముసలిదయింది. మీరు చెప్పినట్టే విన్నవాళ్ళను ఇప్పుడు ముంచుకొచ్చే ముప్పుగా చిత్రిస్తే ఎలా? ఉత్సవాల్లో శాలువా కప్పి, ప్రణాళికల్లో భారం అని రాయడం ఇకనైనా ఆపండి.

ఏం చేయాలో తెలియక కాదు, చేయాలని లేక ఆగాం. కేంద్రం ఇచ్చే 200 రూపాయలను ధరలతో ముడిపెట్టి పెంచాలి. రైలు రాయితీ తిరిగి ఇవ్వాలి. వేలిముద్ర పడలేదని ఒక్క గింజా ఆపకూడదు, లేవలేనివారికి పెన్షన్ ఏ ఎన్నికలొచ్చినా గడపకే రావాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యం తెలిసిన డాక్టరుండాలి. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రేషన్‌కు వచ్చిన ప్రతి ముసలివారికీ 23వ సెక్షన్ చదివి వినిపించాలి. 14567 అనే వృద్ధుల సహాయ నంబరు ఒకటుందని ప్రతి పంచాయతీ గోడ మీద రాయాలి. వంతులేసి తల్లినీ తండ్రినీ విడదీసే పంచాయితీలో కూర్చోనని ప్రతి ఊరి పెద్దా చెప్పాలి. ఇక ఇళ్ళలో మనం చేయవలసిందానికి జీవో అక్కర్లేదు. అడిగిన మాటకు రెండోసారి కూడా జవాబు చెబితే చాలు.

వాళ్ళు మన జాలి అడగడం లేదు. ఈ రోడ్లు వేసింది, ఈ కాలువలు తవ్వింది, ఈ బడులు నిలబెట్టింది, మనల్ని చదివించింది వాళ్ళు. మనం చెల్లించవలసింది బాకీ. ఆ బాకీ అందుకోవలసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళు పోయాక దినం ఘనంగా చేసినా, ఫోటోకు ఎంత పెద్ద దండ వేసినా అది చెల్లు కాదు. ఇచ్చేదేదో వాళ్ళు కళ్ళతో చూస్తుండగా, చేతులతో అందుకుంటుండగా ఇవ్వండి.