చేను బల్లపరుపు కావాలా?

పుంగనూరు చుట్టుపక్కల ట్రాక్టరు బ్లేడు తోలి బతికేవాణ్ణి. మదనపల్లె టమోటా రైతులు పిలుస్తారు, కుప్పం మల్బరీ తోటలవాళ్లూ పిలుస్తారు. ఎవరు పిలిచినా మొదటి మాట ఒకటే: “బల్లపరుపుగా చెయ్యన్నా.” ఆ మాటతోనే నాకు పేచీ.

వరి కయ్యలో నీళ్లు నిలవాలి గనక బల్లపరుపు కావాలి. మన ఎర్రనేలలో చెనిక్కాయకు నీళ్లు నిలిస్తేనే చేటు. డ్రిప్పు పైపులు పరిచి బోదెల మీద నాటే టమోటాకు బల్లపరుపుతో పనేముంది? పైగా చాలా చేన్లలో పైమట్టి జానెడు కూడా ఉండదు, కింద అంతా గరుసే. మిట్టను గీకి పల్లంలో పోస్తే ఆ పూటకు కంటికి ఇంపుగానే ఉంటుంది. పైరు ఎదిగాక చూడండి, గీకిన మేర చెట్లు పాలిపోయి గిడసబారి ఉంటాయి. మిట్ట తియ్యక తప్పకపోతే, పైమట్టిని ముందు పక్కకు తోసి, కింది గరుసు సర్ది, ఆ మట్టినే మళ్లీ పైన పరవాలి. గంటల లెక్కన కిరాయి గనక రైతు జంకుతాడు. తర్వాత చెరువు మట్టి తోలించడానికి అంతకు ఎన్నో రెట్లు పెడతాడు.

ఇక తోలేవాడి సంగతి. ఎండిన ఎర్రనేల మీద బ్లేడు జారుతుంది. బురదలో తోలితే చక్రాల కింద నేల బిగిసిపోతుంది. దున్నిన చేను వాన తర్వాత పదునుకొచ్చినప్పుడే బ్లేడు పెట్టాలి. చాలామంది డ్రైవర్లు లిఫ్ట్ లివర్ మీది చెయ్యి తియ్యరు. ముందు చక్రాలు మిట్టెక్కగానే వెనక బ్లేడు నేలలోకి దిగుతుంది, కంగారుగా లేపుతారు. చక్రాలు దిగగానే బ్లేడు పైకి లేస్తుంది, మళ్లీ దించుతారు. చేనంతా అలలు పడేది అందుకే. నేను లివర్‌ను ఒకచోట నిలిపి, లో గేరులో ఐమూలగా ఒకసారి, దానికి అడ్డంగా ఇంకోసారి తోలతాను. సగం ఎగుడుదిగుళ్లు అక్కడే పోతాయి. అంతకుముందే వెనక టైర్లలో గాలి సమానంగా ఉందా, చెక్ చైన్లు బిగుతుగా ఉన్నాయా, బ్లేడు రెండు కొసలూ ఒకేలా ఆనుతున్నాయా అని చూసుకుంటాను. టాప్ లింక్ ఒక చుట్టు తిప్పితే బ్లేడు కొరికే తీరే మారిపోతుంది. మదనపల్లెలో కుదిరిన బిగింపు కుప్పంలో కుదురుతుందని నమ్మకం లేదు.

యంత్రాలకు సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం. తోలేవాడికి నేర్పేదెవరు? అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ 1983 నుంచీ ఉంది. మా కుర్రాళ్లలో ఎందరికి తెలుసు? సబ్సిడీ మీద పనిముట్లు ఇచ్చే ప్రతి ఊరి నుంచీ ఒక డ్రైవర్ని అక్కడికి పంపాలి. అంత దూరం కష్టమంటే, కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లు ఆ నేర్పేవాళ్లనే మా చేన్లకు రప్పించొచ్చు.

రైతులు చెయ్యాల్సిందీ ఒకటుంది. ట్రాక్టరును పిలిచే ముందు, గట్టి వానలో గొడుగేసుకుని గట్టు మీద నిలబడండి. నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ మడుగు కడుతున్నాయో చూసి అక్కడ పుల్లలు నాటండి. ఆ గుంతలు పూడ్చి, నీళ్లు గట్టు తెంచకుండా మెల్లగా దిగేంత వాలు ఉంచి వెళ్లిపోతాను. నాకు కిరాయి తగ్గుతుంది, నిజమే. మరుసటేడు మళ్లీ నన్నే పిలుస్తారు కదా!