కూటముల లెక్కలో వాడల వాటా ఎక్కడ?

2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (ఆర్‌సీఈపీ) నుంచి తప్పుకుంది. ఏడేళ్లు చర్చల్లో కూర్చున్నాక తీసుకున్న నిర్ణయమది. అందరికన్నా బలహీనుడికి మేలు జరుగుతుందా అని చూడమన్న గాంధీ కొలమానాన్ని ప్రధాని అప్పుడు గుర్తుచేశారు. అదే కొలమానంతో మేమూ అడుగుతున్నాం: ఆ బలహీనుల్లో దళితుల లెక్క ఎవరైనా తీశారా?

మిగిలిన 15 దేశాలు 2020 నవంబర్‌లో సంతకాలు చేశాయి. 2022 జనవరి 1 నుంచి ఒప్పందం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మేలో అమెరికా టోక్యోలో ఇండో-పసిఫిక్ ఆర్థిక వేదిక (ఐపీఈఎఫ్)ను ప్రారంభించింది. భారత్ అందులో చేరింది కానీ, వాణిజ్య విభాగానికి మాత్రం దూరంగా ఉంది. దీన్నంతా చైనా వైపా, అమెరికా వైపా అన్న పంచాయితీగా చూపిస్తున్నారు. నిజానికి ఐపీఈఎఫ్‌లోని 14 దేశాల్లో 11 ఆర్‌సీఈపీలోనూ ఉన్నాయి. వియత్నాం రెండింట్లో ఉంటూనే యూరోపియన్ యూనియన్‌తోనూ విడిగా ఒప్పందం చేసుకుంది.

మరి మన వాళ్లకు ఏది మేలు? జవాబు ఒక్కటి కాదు.

పాడిని తీసుకుందాం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సాగు కమతాల విస్తీర్ణంలో వారి చేతిలో ఉన్నది 9 శాతం లోపే. సెంటు భూమి లేని ఇంట్లో గట్ల మీద గడ్డి కోసి ఒక గేదెను మేపే ఆడమనిషికి పాల డబ్బులే చేతి ఖర్చు. న్యూజిలాండ్ పాలపొడి సుంకం లేకుండా దిగితే మొదట దెబ్బ తగిలేది ఆమెకే. ఆ లెక్కన బయట ఉండటం మంచిదే.

తోలు పని కథ వేరు. ఆగ్రా, కాన్పూర్, ఆంబూరు చెప్పుల పరిశ్రమల్లో దళితులు, ముస్లింలే ఎక్కువగా పనిచేస్తున్నారు. ఒప్పందాలున్న వియత్నాం చెప్పులు తక్కువ సుంకంతో విదేశీ మార్కెట్లకు పోతుంటే, ఇక్కడ ఆర్డర్లు తగ్గి కూలి పోయేది వీళ్లకే. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం మన చెప్పుల మీద సుంకం ఎత్తేస్తుంది. అయితే ఆ లాభం యజమాని దగ్గరే ఆగుతుందా, కుట్టే చేతి కూలి దాకా వస్తుందా అన్నది ఒప్పందం చెప్పదు.

ఎగుమతిదారు లాభాన్ని దేశం లాభంగా చూడొద్దని, అది కూలివాడి జేబులోంచి పోయిన సొమ్ము కావచ్చని అంబేద్కర్ 1923లోనే 'ప్రాబ్లమ్ ఆఫ్ ది రుపీ'లో రూపాయి విలువను చర్చిస్తూ హెచ్చరించారు. వందేళ్లయినా ఆ ప్రశ్న పాతబడలేదు.

మన రాజ్యాంగం ప్రకారం అంతర్జాతీయ ఒప్పందానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం అక్కర్లేదు. చర్చల ముసాయిదాలు రహస్యంగానే ఉంటాయి. పరిశ్రమల సంఘాలకు మంత్రిత్వ శాఖ తలుపు తెరిచే ఉంటుంది. పాలు పోసే దళిత మహిళకు, చెప్పులు కుట్టే కార్మికుడికి అక్కడ కుర్చీ లేదు.

అందుకే కూటమిని బట్టి జై కొట్టడం మన పని కాదు. సంతకానికి ముందే ముసాయిదా పార్లమెంటు ముందుకు రావాలి. ఏ కులం, ఏ వృత్తి ఎంత నష్టపోతుందో, ఎంత బాగుపడుతుందో లెక్క కట్టి బయటపెట్టాలి. విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు ఈ డిమాండ్‌ను ఇప్పుడే ఎత్తుకోవాలి. సంతకం అయ్యాక అడిగితే మిగిలేది పరిహారం కోసం తిరగడమే.