కళ్లకు దిగంతం, కడుపుకు నెమ్మది



విశాఖ నుంచి అండమాన్‌కు ఓడలో వెళ్లాలంటే రెండు రోజులకు పైనే పడుతుంది. తీరం కనుమరుగయ్యాక చాలామందికి కడుపులో తిప్పుతుంది. అది పిరికితనం కాదు. గదిలో కూర్చుంటే కదలిక లేదంటాయి కళ్లు, ఉందంటుంది లోపలి చెవి. ఆ తగవులోంచే వికారం పుడుతుంది. 1831 నుంచి 1836 దాకా బీగిల్ ఓడలో తిరిగిన డార్విన్‌నూ అది వదల్లేదు.

కుదుపు తక్కువగా ఉండే ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో పడక అడగండి. పైకొచ్చి దిగంతాన్ని చూడండి. ఫోను పక్కన పెట్టండి. ఖాళీ కడుపూ వద్దు, నూనె వంటలూ వద్దు. మాత్ర వేసుకోవాలంటే వైద్యుల సలహాతో, ఓడ ఎక్కక ముందే.

ఈ సంచిక సముద్ర ప్రయాణాలకే అంకితం. కడలిని మీరు కళ్లారా చూడాలన్నదే మా కోరిక.

– సంపాదకుడు