16 ఆంపియర్ల మాట

మొన్న తెల్లవారుజామున నాలుగు గంటలకు కైకలూరు దగ్గర చెరువు గట్టు మీదనుంచి మా బావగారు ఫోను చేశారు. "ఏమోయ్, ఏరియేటరు ఆగిపోయింది. రొయ్య పైకి తేలుతోంది. ఫ్యూజు పోలేదు, కరెంటూ ఉంది. త్వరగా రావోయ్!" ఏలూరులో మోటార్లు బాగుచేసుకునేవాణ్ణి కదా, సంచీ భుజాన వేసుకుని పరుగెత్తాను.

కొల్లేటి పక్క ఆ వేళ ఎంత గడ్డుదో అక్కడివారికి చెప్పనక్కరలేదు. పగలు ప్రాణవాయువునిచ్చే సన్నని నాచే రాత్రి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారేసరికి చెరువులో ఊపిరి అడుగంటుతుంది.

నేను వెళ్లేసరికి పక్క చెరువు ఆసామి డీజిలు ఇంజను తెచ్చి నీళ్లు చిమ్మిస్తున్నాడు. మోటారు చూశాను, నిక్షేపంలా ఉంది. ప్లగ్గు చూశాను, నల్లగా కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది.

"16 ఆంపియర్లని దాని మీదే అచ్చు వేశారు. మన మోటారు పదే గదా లాగేది!" అన్నారు బావగారు.

మాట నిజమే. అయితే ఆ 16, పిన్ను బిగుతుగా, శుభ్రంగా కూర్చున్నప్పటి మాట. పరీక్షశాలలో కొత్త సాకెట్టు గుండా గంటసేపు హద్దుకు తగ్గని కరెంటు పంపి, తీగ బిగించే చోట వేడి 45 సెంటిగ్రేడు డిగ్రీలకు మించి పెరగకూడదని చూస్తారు. అక్కడ కొల్లేటి చెమ్మ ఉండదు, చిలుము ఉండదు, వదులైన స్క్రూ ఉండదు.

మంచి అతుకులో నిరోధం ఓములో వెయ్యో వంతుల లెక్కన ఉంటుంది. చిలుము పట్టి అది పదో వంతుకు పెరిగిందనుకోండి. 10 ఆంపియర్లకు అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. 20 ఆంపియర్లయితే రెట్టింపు కాదు, 40 వాట్లు. పది వాట్లేనా అనకండి. అదంతా గోరంత ఇత్తడి మీదే. ఆ వేడికి లోపలి రేకు పట్టు సడలుతుంది, నిరోధం మరీ పెరుగుతుంది, దాంతో వేడీ పెరుగుతుంది. ఫ్యూజుకు కబురే అందదు. కరెంటు పెరిగితేనే గదా అది తెగేది!

తాడేపల్లిగూడెంలో మా పిన్నిగారింట 1500 వాట్ల హీటరును 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టి, ప్లగ్గు కమిలిందని వాపోయారు. 230 వోల్టుల మీద అది ఆరున్నర లాగుతుంది. అక్కడ అంకె చూడలేదు. ఇక్కడ అంకె ఒక్కటే చూశారు.

కనక పాఠకులకు ఒక్క మనవి. మోటారు అరగంట నడిచాక మెయిను ఆపి ప్లగ్గు తాకి చూడండి. గోరువెచ్చనైతే ఫరవాలేదు. చేయి పెట్టలేకపోతే ఆ సాకెట్టుకు సెలవిచ్చేయండి. మెయిను ఆపకుండా మటుకు తడిగట్టున దాని జోలికి పోకండి.

ఆ పంటలో సగం దక్కింది. బావగారిప్పుడు రోజూ సాయంత్రం ప్లగ్గులన్నీ తడిమి చూసుకుని గాని భోజనానికి కూర్చోరు.