ఇంటా బయటా: విరిగిన మందు

చాండ్లర్‌లో నేడు మన ఇళ్ళున్న నేల చాలావరకు ఒకప్పుడు పత్తిచేలే. పత్తిలో కలుపుకు వాడిన మందుల్లో డయురాన్ ఒకటి. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. విరిగింది కనుక పీడ వదిలిందనుకుంటాం. కాని అందులోంచి పుట్టేవాటిలో 3,4-డైక్లోరోఎనిలిన్ ఒకటి. రొయ్యకు దూరపు చుట్టమైన డాఫ్నియా అనే చిన్న నీటిపురుగుకు తల్లి మందుకన్నా ఈ పిల్లే ఎక్కువ విషం. లీటరు నీటిలో మిల్లీగ్రాములో పదోవంతుకన్నా తక్కువున్నా దాని సంతానం తగ్గుతుందని ప్రయోగశాలల్లో తేలింది. వరిలో వాడే ప్రొపనిల్ కూడా విరిగి ఇదే అవుతుంది.

పురుగు పోతే మనకేమిటంటారా? డాఫ్నియా నాచును తింటుంది, చేపపిల్లలు దాన్ని తింటాయి. అది తగ్గితే నాచు పెరుగుతుంది, చేపకు తిండి కరువవుతుంది.

ఇక్కడి కాలువల్లో నీటికలుపు మేయడానికి సాల్ట్ రివర్ ప్రాజెక్టు వారు 1980ల చివరినుంచి గడ్డిచేపలను వదులుతున్నారు. మనకు చేపలక్కర్లేదు, చేతులు చాలు. కంకర పరచిన వాకిట్లో మొలిచిన కలుపును లేతగా ఉన్నప్పుడే పిల్లలతో కలిసి పీకేయండి. మందు తప్పదంటే డబ్బామీది చీటీ చదివి, వాన సూచన లేని రోజున, చెప్పిన మోతాదుకు మించకుండా చల్లండి.