ఏనాటి మన్నా ఆనాటికే

డిసెంబరు 31వ తేదీ రాత్రి పండ్రెండు గంటలు కొట్టిన పిమ్మట, ఆంధ్ర తెలంగాణములలోని అనేక ప్రార్థనామందిరములందు, వాచ్‌నైట్ ఆరాధనకు వచ్చిన విశ్వాసులు వరుసగా ముందునకు నడచి, పళ్లెములో బోర్లించి యుంచిన చిన్న కార్డులలో నొకదానిని తీసికొందురు. దానిపై నచ్చువేయబడిన వాక్యమే ఆ కుటుంబమునకు ఆ సంవత్సరపు వాగ్దానము. ఈ యాచారమును పరిహసించుటకు నేను పూనుకొనలేదు. ఏడాదియంతయు ఎండలో కూలిచేసి, అప్పులతో పెనుగులాడి, నడిరేయి చలిలో పిల్లను చంకనెత్తుకొని వచ్చిన తల్లి చేతిలో ధైర్యము చెప్పు వాక్యము పడినప్పుడు ఆమె ముఖమున కలుగు తేటదనమును చూచినవా డెవ్వడును పరిహసింపజాలడు. అయినను ఒక్క సంగతి చెప్పక తప్పదు. ఆ కార్డులను సిద్ధపఱచువారు క్షేమమును, అభివృద్ధిని, జయమును పలుకు వాక్యములనే యేరుదురు. శత్రువులను ప్రేమింపవలెనను ఆజ్ఞ గల వాగ్దాన కార్డు ఇంతవఱకు నా కంటబడలేదు. అంతకంటె చిక్కైన విషయ మేమనగా, జనవరి మొదటి తేదీన లభించిన యొక్క వాక్యముతో సంవత్సరము గడపవచ్చునను భావము, క్రైస్తవ విశ్వాసము ఆదినుండి బోధించుచున్న దానికి విరుద్ధముగా నున్నది.

నిర్గమకాండము పదునాఱవ అధ్యాయమును ఎఱుగని క్రైస్తవుడుండడు. ఐగుప్తు దాస్యమునుండి వెలువడి, సీను అరణ్యమున నాకలిగొని, మోషే అహరోనులపై సణుగుచున్న ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నాను అనుగ్రహించిన విధము చిత్రమైనది. ప్రాతఃకాలమున మంచు ఇగిరిన పిమ్మట నేలపై సన్నని కణములుగా నది కనబడెడిది. తలకొక ఓమెరు చొప్పున ఎవరి భాగము వారు తెచ్చుకొనవలెను. ఎండ ముదిరినచో కరగిపోయెడిది. ఆశకొలది పోగుచేసినవాడును, అశక్తుడై కొంచెమే తెచ్చుకొన్నవాడును కొలిచి చూచుకొనగా సమానులే యైరి. రేపటికని దాచినవారికి తెల్లవారునప్పటికి పురుగులును దుర్గంధమును దక్కినవి. రాత్రి మిగిలిన అన్నములో నీళ్లు పోసి మఱునాటి చద్దికి ఉంచుకొను మన తెలుగు గృహిణికి ఈ నియమము క్రూరముగనే తోపవచ్చును. పేదవాని వివేకమంతయు దాచుకొనుటయందే కదా యున్నది! అయితే, విశ్రాంతిదినమునకు ముందటినాడు తెచ్చుకొన్న రెండింతల మన్నా చెడలేదని కూడ ఆ యధ్యాయమే చెప్పుచున్నది. కనుక చెడుట ఆ యాహారముయొక్క స్వభావము కాదు. రేపటిదినము దేవుడుండునో యుండడో యను శంకతో దాచుకొన్నది మాత్రమే చెడెను. ఒక పాత్రెడు మన్నా తరతరములవారు చూచుటకై సన్నిధిని భద్రపఱుపబడెను గాని, అది తినుటకు కాదు. మన ఉజ్జీవసభలును, ఏండ్లక్రిందట పొందిన రక్షణానుభవమును సాక్ష్యముగా మరల మరల చెప్పుకొనుటయు ఆ పాత్రలోని మన్నా జాతికి చెందినవని నా యభిప్రాయము. వానిని గౌరవింపవలసినదే, వానితో నేటి యాకలి తీఱదు.

ఈ భావము ఆ యొక్క కథతో ముగియలేదు. యెరూషలేము కాలి కూలిన పిదప పుట్టిన విలాపవాక్యముల నడుమ, దైవకృప ఉదయోదయమునకును క్రొత్తదగుచున్నదను నమ్మిక వెలువడినది. క్రీస్తు తన శిష్యులకు నేర్పిన ప్రార్థన ఆనాటి యాహారమునే యడుగును. బాహ్యదేహము శిథిలమగుచుండగనే అంతరంగమునకు ప్రతిదినమును నవీకరణము కలుగుచున్నదని కొరింథులోని సంఘమునకు వ్రాసిన పౌలు, ఆ మాటను సుఖాసీనుడై వ్రాయలేదు. దెబ్బలు తిని, తఱుమబడి, ఆశ వదలుకొను స్థితివఱకు వచ్చి వ్రాసెను.

దీనిని సంఘజీవితమున నొక క్రమముగా నిలిపినవారిలో మొరేవియనులు అగ్రగణ్యులు. మతహింసకు వెఱచి మొరేవియానుండి పాఱివచ్చిన కాందిశీకులు 1722లో జర్మనీయందలి సాక్సనీ ప్రాంతమున, జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూములలో, హెర్న్‌హూట్ అను గ్రామమును కట్టుకొనిరి. 1728 మే 3వ తేదీ సాయంకాలపు కూడికలో ఆయన మఱునాటి కొఱకు వారికొక వాక్యము నిచ్చెను. నాటినుండి ఏ దినపు వాక్యమును ఆ దినము సహోదరు లింటింటికిని కొనిపోవు వాడుక యేర్పడెను. 1731 మొదలు అది సంవత్సరమున కొక పుస్తకముగా వెలువడుచున్నది. విశేష మేమనగా, ఆ పుస్తకమునకు పాత నిబంధన వాక్యములను నిర్ణయించుటయు చీట్లు తీసియే. మన కార్డులతో దానికి గల పోలిక యంతటితో సరి. అచ్చట తీసిన చీటి ఒక కుటుంబమునకు కాక చదువరు లందఱికిని చెందును. ఒక్క దినము మాత్రమే దాని యధికారము. హెచ్చరిక వచ్చిననాడు హెచ్చరికను, ఓదార్పు వచ్చిననాడు ఓదార్పును పుచ్చుకొనవలసినదే గాని, తనకు నచ్చినదానిని గోడకు తగిలించుకొని తక్కినదానిని విడిచిపెట్టుటకు వీలులేదు.

ఇట్టి దినచర్యవలన నేమి ఫలమని యడుగువారికి జాన్ వెస్లీ దినచర్య పుస్తకమున నొక సాక్ష్యమున్నది. 1736 జనవరి 25వ తేదీన ఆయన అమెరికాలోని జార్జియాకు పోవుచున్న ఓడ తుపానులో చిక్కుకొనెను. అదే యోడలో నున్న జర్మను మొరేవియనులు తమ వాడుక చొప్పున సాయంకాలారాధన నారంభించి కీర్తన పాడుచుండగా, సముద్రము ఓడపై విఱుచుకొని పడి, పెద్ద తెరచాపను చీల్చి, నీటిని లోపలికి కుమ్మరించెను. ఆంగ్లేయులు ఆర్తనాదములు చేసిరి. జర్మనులు కీర్తనను ఆపక పాడిరి. మీకు భయము కలుగలేదా యని వెస్లీ తరువాత నొకని నడుగగా, లేదనియు, తమ స్త్రీలును బిడ్డలును కూడ చావునకు భయపడరనియు నతడు బదులు చెప్పెనట. అప్పటికే ఆంగ్లికను మతాచార్యుడై, కఠోరమైన నియమములతో జీవించుచున్న వెస్లీని ఆ సంఘటన చాలకాలము కలతపెట్టెను. ఈ వృత్తాంతమును చెప్పు ప్రసంగీకులు సాధారణముగా ధైర్యమును మెచ్చుకొని యూరకుందురు. నాకు ముఖ్యముగా తోచునది వేఱు: వారు తుపాను వచ్చినందున ప్రార్థనకు కూడలేదు. అది వారి ప్రార్థనవేళ. ఆ వేళకు తుపాను వచ్చినది.

రెండు శతాబ్దముల తరువాత అదే హెర్న్‌హూట్ పుస్తకము మఱొకని చేతిలో నుండెను. 1939 జూనులో జర్మను వేదాంతి డీట్రిక్ బాన్‌హోఫర్ మిత్రుల యేర్పాటుపై న్యూయార్కు చేరి, హిట్లరు రాజ్యమునుండి తప్పించుకొని క్షేమముగా నుండుటకు సర్వావకాశములును కలిగియుండియు, మనశ్శాంతి లేక, తిరిగి పోవుటకు నిశ్చయించుకొనెను. జూను 26వ తేదీన అతడు చదివిన భాగములో, చలికాలము రాకమునుపే బయలుదేరి రమ్మని పౌలు తిమోతికి వ్రాసిన వాక్యము వచ్చెను. ఆ మాట దినమంతయు తన్ను వెంబడించినదని బాన్‌హోఫర్ వ్రాసికొనెను. ఆ వాక్య మతనికి జోస్యము చెప్పలేదు. నిర్ణయ మప్పటికే యైపోయినది. తన విషయమున దానిని తీసికొనవచ్చునా యని అతడే సందేహించి, తీసికొనుట అపచారము కాదని సమాధానపడెను. జూలైలో ఓడ యెక్కెను. 1945 ఏప్రిలు 9వ తేదీన ఫ్లోసెన్‌బుర్గ్ నిర్బంధశిబిరమున ఉరితీయబడెను. వాక్యమును శుభశకునముగా వాడుకొనువారికి ఈ చరిత్రమున దొరకున దేమియు లేదు.

ఆంగ్లికను ప్రార్థనాగ్రంథము చేసిన యేర్పాటును కూడ నేనిట్టి కారణముచేతనే మెచ్చుకొందును. 150 కీర్తనలను నెలలోని 30 దినములకు, ఉదయ సాయంకాలములకు, అది పంచియిచ్చినది. 17వ తేదీ ఉదయమున వచ్చువానిలో 88వ కీర్తన యొకటి. ఆశారేఖ యొక్కటియు లేక చీకటియందే ముగియు కీర్తన అది. ఇంట పెండ్లి యున్నను, పంట చేతికి వచ్చినను, ఆనాడు దానిని చదువవలసినదే. ఎవనికో యొకనికి ఆ దినమున అది తన నోటిమాటయే యగును. నూతనత్వమనగా ప్రతి యుదయమును ఉత్సాహముతో ఉప్పొంగుట యని తలచువారు, ఉత్సాహము కలుగని నాడు తమ విశ్వాసమునే శంకింతురు. శుష్కమైన ఉదయములు లేని భక్తుడు లేడు. వాక్యమును చదివియు నేమియు తోపనినాడు, తోపలేదని చెప్పుకొని లేచిపోవుట కూడ ప్రార్థనయే యని నేను నమ్మెదను. తెల్లవారకమునుపే సూర్యోదయపు బొమ్మపై వాక్యమును ముద్రించి ఫోనులలో నూఱుమందికి పంపువారిని చూచినప్పుడు మాత్రము, పంపినవారైన దానిని చదివిరా యను సందేహము కలుగుచుండును.

కావున మన సంఘపెద్దలకు నాదొక మనవి. కార్డును మానవలదు, దానితోపాటు సంవత్సరమున కంతటికిని దినపాఠములను తెలుపు కాగితము నొకదానిని, ఏ వాక్యమును తప్పింపక, ప్రతి యింటికి ఇండు. పాఠము తప్పినవానిని నిలదీయకుడు. తప్పిన దినములను కూడబెట్టి యొక్కసారి చదువుమని చెప్పకుడు. మన్నా అట్లు కూడదు కదా.

వేకువను నాలుగు గంటలకే లేచి మోకరింపవలెనని వేదికపైనుండి ఆదేశించు బోధకులతో కూడ నాకొక వివాదమున్నది. క్రీస్తు పెందలకడ లేచి యేకాంతస్థలమునకు పోయి ప్రార్థించెనని మార్కు వ్రాసినది నిజమే. కాని నాలుగు గంటలకు లేచి నీళ్లు పట్టి, పొయ్యి వెలిగించి, క్యారియరు కట్టి, పిల్లలను బడికి పంపి, తాను పనికి పోవలసిన స్త్రీకి ఆ యేకాంతస్థల మెక్కడ? ఆ యాదేశమిచ్చు పురుషులలో పొయ్యి వెలిగించువారు అరుదు. పదునేడవ శతాబ్దమున పారిసులోని కార్మెలైటు మఠమున వంటపని చేసిన బ్రదర్ లారెన్సు, ప్రార్థనవేళకును పనివేళకును తనకు భేదము లేదనియు, వంటయింటి సందడిలోనే దైవసన్నిధి తనకు లభించుచున్నదనియు చెప్పుకొనెను. మొదటి శతాబ్దాంతమునకో రెండవ శతాబ్దారంభమునకో చెందిన డిడాకే యను గ్రంథము విశ్వాసుల నడిగినది ప్రభువు ప్రార్థనను దినమునకు ముమ్మాఱు చెప్పుకొమ్మని మాత్రమే. అన్నము ఉడుకునంతలో అది సాధ్యము. ఆ యింటి పురుషుడు లేచి నీళ్ల బిందె మోసికొని వచ్చినచో నింకను కొంత సావకాశము కలుగును. అది యతని ప్రార్థనలో భాగముగా లెక్కకు వచ్చునని నా నమ్మకము.

మన తెలుగు క్రైస్తవచరిత్రను వ్రాయువారును ఈ దినదిన జీవితమును చాలవఱకు విస్మరించిరి. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతమున, గుండ్లకమ్మ నదిలో, 2,222 మంది యొక్కదినమున బాప్తిస్మము పొందిరన్న సంగతిని ప్రతి గ్రంథమును ఉత్సాహముతో చెప్పును. అది అద్భుతమే. 1876 మొదలు దేశమును దహించిన కరవులో, మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగపు త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. అన్నమునకై మతము మార్చుకొనిరన్న నింద రాకుండుటకు, కరవు కాలమంతయు బాప్తిస్మమిచ్చుటను నిలిపివేసెను. కాని జూలై 4వ తేదీన ఆ 2,222 మంది ఏమి చేసిరి? ఎఱ్ఱగుంట్ల పేరయ్య వంటి తొలితరపు బోధకులు కాలినడకను తిరిగిన మాదిగపల్లెలకు వారు మరలిపోయి యుందురు. ఆదివారము పని చేయకుండుట, చచ్చిన పశువుల మాంసము తినకుండుట, విగ్రహములకు మ్రొక్కకుండుట యని క్లౌ వారికి మూడు నియమములు పెట్టెను. ఆ మూడింటిలో నేదియు నొక్కనాటి నిర్ణయముతో తీఱునది కాదు. ఆదివారము పొలమునకు రాననిన కూలివానిపై రైతు కోపము సోమవారమున నుండును. ఆకలి మంగళవారమునను ఉండును. నదిలో నొక్క గడియలో పలికిన మాటను వారు ప్రతి వారమును మరల పలుకవలసి వచ్చెను.

వారిలో అత్యధికులకు చదువు రాదు. పగలు కూలికి పోయి వచ్చినవారికి, దీపము పెట్టినవేళ ఉపదేశి యొకడు వాక్యము చెప్పి పాట నేర్పెడివాడు. నేర్చినది నోటనే నిలువవలెను. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగువారు కట్టిన కీర్తనలు ఈ పనికి ఎంత యక్కఱకు వచ్చెనో చెప్పనలవి కాదు. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెఱచినచో ప్రతి కీర్తన నెత్తిని రాగమును తాళమును కనబడును. ఉదయమునకు తగినవియు సాయంకాలమునకు తగినవియు నందు వేఱువేఱుగా నున్నవి. మిషను నివేదికలలో బాప్తిస్మముల లెక్క దొరకును గాని, జూలై 4వ తేదీ సమాచారము దొరకదు. దానిని వెదకువాడు ఈ కీర్తనలలో ఏవి ఏ పల్లెలో పుస్తకము లేకుండ పాడబడుచున్నవో, అవి యెవరివలన నేర్వబడెనో, ఇంకను జ్ఞాపకముగల వృద్ధులు బ్రదికియుండగనే పోయి యడిగి వ్రాసికొనవలెను.